విడిచిన ఈత మళ్లీ పట్టేదెలా?

ఈత నేర్చినవాడు ఈతను మరువడని పెద్దలు అనే మాట నిజమే. అయితే మరువనిది కాలుసేతుల కదలిక మాత్రమే. అభ్యాసం మానిన కొద్ది వారాలకే దమ్ము తగ్గిపోవును. తరువాత కండబలం తగ్గును. కదలిక నేర్పు మాత్రం చిరకాలం నిలిచియుండును. చిక్కంతా ఇక్కడే ఉన్నది. చేయి పాత వేగంతోనే పోవును గాని, ఆ వేగాన్ని ఓర్చే భుజం ఇప్పుడు లేదు.

మా గంపలగూడెం ప్రాంతంలో నా వయసువారెవరూ కొలనులో ఈత నేర్వలేదు. దిగుడు బావులలోనో, కట్టలేటి మడుగులలోనో, నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చినవారమే. ఉద్యోగం, సంసారం మీద పడిన తరువాత నీళ్లు స్నానానికే పరిమితమైనవి.

రెండేళ్ల క్రితం వేసవిలో యాభై ఆరేళ్ల ఉపాధ్యాయులొకరు కుడి భుజం పట్టుకొని నా వద్దకు వచ్చినారు. మనుమరాలికి ఈత చూపబోయి సాగరు కాలువలో దిగినారట. అవతలి గట్టుకు సులువుగానే చేరినారు. తిరిగి వచ్చునప్పుడు నడికాలువలో చేయి పైకి లేవలేదు. గట్టున ఉన్న కుర్రవాళ్లు పంచె విసిరి లాగకపోతే ఏమయ్యెడిదో!

"ఏరు దాటినవాణ్ణి వైద్యులు గారూ! పిల్ల ముందు తల కొట్టేసినట్టయింది. అయినా దానికి ఈత నేనే నేర్పాలి" అన్నారు.

వారి పట్టుదల నాకు నచ్చినది. మూడు వారాలు నీళ్లలో దిగవద్దని చెప్పి, గోరువెచ్చని నువ్వుల నూనెతో ఉదయం భుజానికి, వీపుకు అభ్యంగనం, పిదప వావిలాకు వేసి కాచిన నీటితో కాపడం చేయించితిని. నొప్పి తగ్గినకొద్దీ గోడకు ఎదురుగా నిలిచి వేళ్లతో మెల్లగా పైకి పాకించుట, భుజాలను వెనుకకు త్రిప్పుట అలవాటు చేసితిని. ఈ ఉపచారాలతో కూడా చేయి తలమీదికి లేవకున్నా, రాత్రులు నొప్పితో నిద్ర చెడినా ఎముకల వైద్యునికి చూపవలెను. నూనెతో కాలం గడపరాదు.

వ్యాయామం బలంలో సగం వరకే చేయవలెనని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో విధించినాడు. అది కూడా శీతకాల, వసంతాలలో. మిగిలిన ఋతువులలో అంతకంటే తక్కువ. గ్రీష్మంలో వ్యాయామం మానుమనే చెప్పినాడు. మనవారు సరిగ్గా దీనికి విరుద్ధంగా ఏప్రిల్, మే నెలల ఎండలో, దేహబలం సన్నగిల్లిన వేళ, ఒక్కసారిగా ఈతకు దిగుదురు. నా సలహా ఏమనగా, చలికాలంలో నేలమీద రోజూ అరగంట వడి నడకతో దమ్ము కూర్చుకొని, శివరాత్రి దాటిన పిమ్మట నీళ్లలో దిగవలెను.

సగం బలమని తెలియుటెట్లు? నేలమీద నుదుట, చంకలలో చెమట పుట్టుట గుర్తు. నీళ్లలో చెమట కనబడదు గనుక ఊపిరినే చూచుకొనవలెను. నోటితో ఎగపోయవలసి వచ్చినచో సగం దాటినట్లే. మొదటి రెండు వారాలు ఇరవై ఐదు మీటర్లు ఈది, ఊపిరి నెమ్మదించే వరకు ఆగి, మళ్లీ ఈది, ఇట్లు నాలుగుసార్లు చాలును. వారానికి మూడు రోజులే. దూరం పెంచిన వారంలో వేగం పెంచరాదు.

వయసు అడ్డమని నేననను. నలభై దాటిన తరువాత ఈత నేర్చిన గోలి శ్యామల గారు 2021 మార్చిలో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో ఈదినారు. అమెరికా ఈతగత్తె దారా టోరెస్ ఏళ్ల తరబడి పోటీలు మాని తిరిగి వచ్చి, 41 ఏళ్ల వయసులో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మూడు రజత పతకాలు గెలిచినారు. వారి వెనుక శిక్షకులు, క్రమమైన సాధన ఉన్నవి. మనకు కాలువ గట్టున ఉన్నది ఉత్త ధైర్యమే!

రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని అడుగవలెను. ఈదుతుండగా రొమ్ములో బరువు, తల తిరుగుట తోచినచో వెంటనే బయటికి రావలెను. ఒంటరిగా దిగరాదు. పారే కాలువలో అసలే వద్దు. చల్లని నీటిలో ఒక్కసారిగా దూకుట, పందెం వేసి నీటి అడుగున ఊపిరి బిగపట్టుట ప్రాణాంతకములు.

భోజనం చేసిన వెంటనే, అజీర్ణం, పడిశం, చెవిపోటు ఉన్నప్పుడు స్నానమే కూడదని శాస్త్రం. ఈతకు చెప్పనక్కరలేదు. ఈదిన తరువాత పలుచని పెసరపప్పు గంజి, చిటికెడు శొంఠి, చెంచాడు నెయ్యి వేసి త్రాగిన బడలిక తీరును.

ఆ ఉపాధ్యాయులు మరుసటి వసంతంలో విజయవాడలో కొడుకు ఇంట ఉండి, శిక్షకుని సమక్షంలో కొలనులో దిగినారు. మనుమరాలు ఇప్పుడు ఈదుచున్నది. వారికి నేను చెప్పిన చివరి జాగ్రత్త కొలనులో ఈదువారందరికీ పనికివచ్చును. దిగే ముందు, వచ్చిన తరువాత మంచినీటితో తలస్నానం చేయవలెను. ముందుగా జుట్టుకు కాస్త కొబ్బరినూనె రాసిన క్లోరిన్ వలన జుట్టు అంతగా పీచుబారదు. తల ఒకవైపు వంచి చెవిలోని నీటిని జారవిడిచి, బయటి చెవిని మాత్రమే మెత్తని బట్టతో ఒత్తవలెను. పుల్లలు పెట్టరాదు. చెవి కారువారు, కర్ణభేరికి రంధ్రమున్నవారు ఏ నూనెనూ చెవిలో పోయరాదు.