ఒక్క పేరు, మూడిండ్లు



మావారు ఉపాధ్యాయులగుటచే మాకు బదిలీలు తప్పవు. జనగామయందుండగా ఒకనాడు వారు బడి హాజరుపట్టీ నింటికి తెచ్చిరి. అందు యాకయ్య, యాకమ్మ, యాకూబురెడ్డి యను పేర్లు పెక్కులు కనబడినవి. యాక యనునది గ్రామదేవత కాబోలునని తలచితిమి. పోతనామాత్యుని బమ్మెర యీ జిల్లాలోనిదే యని చెప్పికొనుచు, తండ్రిగారికడ భాగవతము చదివితిమని గర్వించు మాకు, కూరగాయలమ్మ వచ్చు యాకమ్మ పేరున కర్థము తెలియకపోయెను!

ప్రక్కయింటి ముస్లిం సోదరి నవ్వి తెలిపినది. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున అన్నారమునందు యాకూబ్ షావలీ దర్గా కలదు. సంతానము కోరువారు, జబ్బుపడినవారు మతభేదము లేక అచట మ్రొక్కుకొందురు. కందూరు చేసి బంధువులకు విందిడుదురు. పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుదురు. అంతవరకు బాగుగనే యున్నది. కాని పేరు పంచుకొన్నంత మాత్రమున మనసు తెలిసినట్లు కాదని తరువాత మహబూబాబాదులో మాకు తెలిసివచ్చినది.

అచట మొహర్రము పదవనాడు పొరుగామెకు పండుగ శుభాకాంక్షలు చెప్పితిమి. మేమెరిగిన పీరీల పండుగ యన డప్పులు, గుండముచుట్టు ఆటలు, బెల్లపు పానకము, మలీద ముద్దలు. ఆమె ముఖము చిన్నబోయెను. ఆనాడామె ఉపవాసమట. "అక్కా, అది మాకు దుఃఖదినం" అని లోనికి పిలిచి కూర్చుండబెట్టి చెప్పినది. క్రీ. శ. 680లో ఇరాకుదేశపు కర్బలాయందు ప్రవక్తగారి దౌహిత్రుడు హుసేను, యజీదు సేనలచే బంధుమిత్రులతో హతుడయ్యెను. యూఫ్రటీసు నది దాపుననే యున్నను పసిపిల్లలకు సైతము నీరు దక్కనీయలేదు. పీరీల యెదుట పంచు పానకము ఆ దప్పికకు గుర్తు. పీరీల నెత్తుట తగదను పెద్దలు తమలో గలరనియు, తన పుట్టినింటివారు మాత్రము ఎత్తుదురనియు దాచక చెప్పినది. మేము సిగ్గుపడితిమి. ఎన్నియేండ్లుగా ఆ పానకము త్రాగితిమి గదా!

మా యింట మామగారి తల్లి కలరు. 1948 నాటి రజాకార్ల దినములలో పసిపిల్లయై తల్లివెంట చేలలో దాగిన వృద్ధురాలు. పొరుగింటి మంచినీళ్లయినను ముట్టరు. మేమెన్నడును వాదింపలేదు. ఆ సాయంకాలము కర్బలా కథ చెప్పగా చాలసేపూరకుండి, "పిల్లలకు సుత నీళ్లియ్యలేదా?" అని మాత్రమడిగిరి. అప్పుడు షోయబుల్లాఖాను సంగతియు చెప్పితిమి. ఆయన యీ మహబూబాబాదు ప్రాంతపు సుబ్రవేడులో జనించినవారు. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకులై రజాకార్లను నిర్భయముగ విమర్శించి, 1948 ఆగస్టులో హైదరాబాదున వారిచే హత్య గావింపబడిరి. ముసలమ్మగారు నమ్మలేదు; మనుమని నడిగి రూఢి చేసికొనిరి. పొరుగింటి నీళ్లు నేటికిని త్రాగరు. కాని ఆ సోదరి చూడవచ్చిన, "చాప వెయ్యి" అని మాకు పురమాయింతురు.

ఇప్పుడు మేమున్నది భూపాలపల్లి. బొగ్గుగనుల పట్టణము గావున పలుచోట్లవారు ప్రక్కప్రక్కన కాపురముందురు. మా పొరుగున నర్సుపని చేయు క్రైస్తవ సోదరి గలదు. యాకమ్మ మాట చెప్పినంతనే ఆమె బైబిలు తెచ్చి యాకోబు కథ చూపినది. ఖురానునందలి యాకూబ్ ప్రవక్తయు నాతడేనట. కూరగాయల గంపతో మా గుమ్మమెక్కిన పేరు ఎంతదూరమునుండి వచ్చినదో చూచితిరా!

ఆమెయు ఊరకుండలేదు. అన్నినాళ్లు ఆడిపాడి పూజించిన బతుకమ్మను నీట విడుచుటేల యని యడిగినది. పుట్టినింటికి వచ్చిన బిడ్డను అత్తవారింటికి పంపుట వంటిదంటిమి. "మరి ఎవరూ ఏడవరేం?" అనినది. చదివిన గ్రంథములన్నియు తలచికొంటిమి గాని, ఉత్తరము తోచలేదు. సద్దులనాడు తానే చెఱువుగట్టునకు వచ్చి చూతుననినది. మలీద ముద్దలు చేయు పని మాది.