రక్తపరీక్షకు దొరకని జబ్బు

"అబ్బాయికి రక్తం పరీక్ష చేయించాం, తలకు స్కానింగు తీయించాం. అన్నీ బాగున్నాయన్నారు. మరి జబ్బు లేనట్టే గదా, డాక్టరుగారూ?"

మైపాడు నుంచో ఇస్కపల్లి నుంచో నెల్లూరు వచ్చిన తండ్రి యిలా అడిగితే తప్పు పట్టలేం. మలేరియా రక్తపు చుక్కలో కనబడుతుంది. చక్కెర వ్యాధి అంకెల్లో తేలుతుంది. బైపోలార్ జబ్బును అలా పట్టి యిచ్చే పరీక్ష మాత్రం యింతవరకు రాలేదు. రిపోర్టులు బాగున్నాయంటే థైరాయిడ్ లోపం, మెదడులో గడ్డ వంటివి కావని అర్థం. అంతే.

వెనుకటి పుస్తకాలు దీన్ని ఉన్మాద-విషాద వ్యాధి అన్నాయి. ఒక పది రోజులపాటు కుర్రవాడు రెండు గంటలే నిద్రపోయినా అలసట ఎరుగడు. ఆగకుండా మాట్లాడతాడు. వున్న రొయ్యల గుంట చాలదని మరో పదెకరాలు కౌలుకు మాట్లాడి, వడ్డీకి అప్పు తెస్తాడు. కొన్నాళ్ళకు మంచం దిగడు, అన్నం సయించదు, బతికి ప్రయోజనం లేదంటాడు. (ఆ మాట వినగానే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ సేవ రాత్రింబగళ్ళు వుంటుంది.) గాలి సోకిందని యింట్లోవారు ఏ.ఎస్.పేట దర్గాకు బయలుదేరతారు. వెళ్ళండి, వద్దనను. మందుబిళ్ళలు మాత్రం మానిపించకండి.

పరీక్ష కోసం వెతుకులాట యీనాటిది కాదు. డెక్సామెథసోన్ బిళ్ళ యిచ్చి, రక్తంలో కార్టిసాల్ తగ్గిందో లేదో చూసి తీవ్ర విషాదాన్ని గుర్తించవచ్చని 1981లో అమెరికాలో డాక్టర్ బెర్నార్డ్ కారోల్ బృందం ప్రకటించినప్పుడు ఎంతో ఆశ కలిగింది. తీరా చూస్తే మతిమరుపు రోగుల్లో, బరువు బాగా తగ్గినవారిలో కూడా అదే ఫలితం! 2025లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం యీ జబ్బుతో సంబంధమున్న 298 జన్యుస్థానాలను చూపింది. ఒక్కొక్కదాని వాటా ఆవగింజంత. బెంగుళూరు నిమ్హాన్స్ వారు, ఒకే యింట పలువురికి మానసిక వ్యాధులున్న కుటుంబాలను పరిశీలిస్తున్నారు. వారి రక్తకణాల నుంచి నాడీకణాలను పెంచి చూసే పరిశోధన కూడా జరుగుతోంది. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2023లో ప్రకటించిన రక్తపరీక్ష, డిప్రెషన్ అని పేరుపడ్డవారిలో దాగివున్న బైపోలార్ రోగులను 30 శాతం దాకా పట్టింది. ప్రశ్నావళి కూడా జోడిస్తే యింకా బాగా పట్టింది.

ఆ ప్రశ్నలకు జవాబులు మీ దగ్గరే వున్నాయి. హుషారుగా వున్నవాడు ఆస్పత్రికి రాడు, విషాదంలోనే వస్తాడు. డాక్టరు డిప్రెషన్ మందు ఒక్కటే రాస్తే, కొందరిలో అది ఉన్మాదాన్ని లేపుతుంది. కనుక ఎక్స్‌రేల సంచీతో పాటు యీ సంగతులూ తీసుకురండి: నిద్ర ఎప్పుడు తగ్గింది, అప్పులు ఎప్పుడు చేశాడు, మేనమామకో నాయనమ్మకో యిలా వుండేదా?

ఒక రక్తపరీక్ష మాత్రం తప్పనిసరి. ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో వెలుగులోకి తెచ్చిన లిథియం మందు వాడేవారికి రక్తంలో దాని మోతాదు చూడాలి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వుండాలి. చివరి బిళ్ళ వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం యివ్వాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఉప్పు మడుల్లో, పడవల మీద ఎండలో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. చెమటతో నీరూ ఉప్పూ పోతే, మూత్రపిండాలు ఉప్పుతో పాటు లిథియాన్నీ పట్టి వుంచుతాయి. మోతాదు విషంగా మారుతుంది. వాంతులు విరేచనాలైనా అంతే. నీళ్ళు బాగా తాగండి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా కొనుక్కోకండి. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తరువాతి బిళ్ళ వేయకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.