పాత మోటారు సైకిలుకు క్రొత్త టయర్లు

బియ్యము, పప్పు మొదలుకొని బిడ్డల బట్టల వఱకు ప్రతి వస్తువును చేత పట్టి చూచి, మంచిచెడ్డలు విచారించి కొనుటలో మన సోదరీమణులకు గల నేర్పు జగమెఱిగినదే. చీర కొనునపుడు అంచు పట్టి చూతురు. కుండ కొనునపుడు మ్రోగించి చూతురు. వంకాయ కొనునపుడు తొడిమ చూతురు. కాని తాము ప్రాణములు నమ్ముకొని దినదినమును ఎక్కు మోటారు సైకిలుకు టయర్లు మార్చవలసి వచ్చినపుడు మాత్రము "అది మగవారి పని, కాదేని దుకాణమువాని పని" యని యూరకుందురు. ఈ యుపేక్ష తగదని మా యభిప్రాయము. బండి నడుపువా రెవరైనను, వెనుక కూర్చుండువారు పెక్కు సంసారములలో స్త్రీలే గదా! అంతియే కాక తామే బండి నడుపుకొని యుద్యోగములకును కళాశాలలకును పోవు యువతులు నేడు మన పట్టణములలో ఎందఱో కలరు. కావున ఈ మాసము పాతబండికి క్రొత్త టయర్లు ఎంచుకొను విధమును గూర్చి మా సోదరీమణులకు కొంత విన్నవింప దలచితిమి.

మోటారు సైకిలు నేలను తాకునది రెండుచోట్ల మాత్రమే. ఆ రెండు తావులను కలిపి కొలిచినను వ్రేళ్ళతో గూడిన మన చేతి వెడల్పునకు మించియుండదు. బండి బరువు, ఎక్కినవారి బరువు, మలుపులలోని యొరగుదల, బ్రేకు వేసినపుడు కలుగు తాకిడి, ఇవన్నియు ఆ చేతిపాటి రబ్బరే భరింపవలయును. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. అంతకన్న గొప్ప కీడు లేదు. టయరు చెడినచో బండి నిలువదు. చెడుగంతయు నందే యున్నది.

గాలితో నిండిన టయరు మానవులకు లభించి రెండువందల యేండ్లయినను కాలేదు. 1845లో రాబర్టు విలియం థామ్సను అను నతడు ఇంగ్లండులో దీనికి పేటెంటు పొందెను గాని, నాటికి అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లపు తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు లేకుండ నడచుటకై గాలి టయరు నమర్చెను. బిడ్డ సుఖముకొఱకు తండ్రి చేసిన యా చిన్న యుపాయమే లోకములోని బండ్ల నడకను మార్చివేసినది. మన దేశమున 1946లో మద్రాసు దాపున తిరువొత్తియూరులో బెలూనులు చేయు చిన్న కర్మాగారముగా మొదలిడిన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ నేడు తెలంగాణములోని సదాశివపేటయందును టయర్లు చేయుచున్నది. పాతబండ్లలో పేరుపొందిన బుల్లెట్టును తరువాతి కాలమున పెక్కేండ్లు ఆ తిరువొత్తియూరులోనే తయారైనది.

ఇక టయరు మార్చవలసిన కాల మెప్పుడు? మూడు గుఱుతులు చూడవలయును.

మొదటిది అఱుగుదల. టయరుపైనున్న గాడులు అందమునకై చెక్కినవి కావు. వానలో చక్రము క్రింద చేరిన నీరు ఈ గాడులగుండ తప్పించుకొనిపోయి, రబ్బరు నేలను పట్టుకొనును. గాడులు అఱిగి నున్ననైన టయరునకు నీరు పోవు దారి లేదు. తొలకరి వానలో రోడ్డుమీది దుమ్మును చమురును నీటితో కలిసి జారుడుగా నున్న దినములలో ఈ లోపము బయటపడును. అప్పటికి విచారించి ప్రయోజనము లేదు. గాడుల యడుగున అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలవలె రబ్బరు మిట్టలుండును. అవి యున్న తావు తెలియుటకు టయరు ప్రక్కన చిన్న త్రికోణపు గుఱుతో, టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములో ముద్రింపబడి యుండును. టయరు అఱిగి ఆ మిట్టల మట్టమునకు వచ్చినచో దాని యాయువు తీఱినట్లే. ద్విచక్ర వాహనములకు గాడిలోతు 0.8 మిల్లీమీటరునకు తగ్గరాదని మన కేంద్ర మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది. అది కడపటి హద్దు; అంతవఱకు వేచియుండుట వివేకము కాదు.

రెండవది వయస్సు. పాతబండ్ల విషయమున ఇదియే ముఖ్యము. తండ్రిగారి బండి యనియో, పెండ్లినాటి బండి యనియో ప్రేమతో దాచుకొని, నెలకొకసారి మాత్రము బయటకు తీయు కుటుంబములు కలవు. అట్టి బండి టయరు గాడులు లోతుగా, క్రొత్తవానివలె కనబడును. కాని రబ్బరు వాడినను వాడకున్నను ముసలిదగును. ఎండయు వేడిమియు గాలిలోని ఓజోను వాయువును దానిని క్రమముగా గట్టిపఱచును. గట్టిపడిన రబ్బరు నేలను పట్టుకొనజాలదు. ప్రక్కలయందును గాడుల యడుగునను సన్నని పగుళ్ళు కనబడుట దీనికి సాక్ష్యము. ఊరగాయ జాడీపై మూత ఎంత బిగువుగా నున్నను లోపలి ఊరగాయ యే యేటిదో విచారింతుము గదా; టయరును అట్లే.

ఆ వయస్సు తెలిసికొనుటకు జోస్యము అక్కఱలేదు. టయరు ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడి యుండును. మొదటి రెండును సంవత్సరములోని వారమును, కడపటి రెండును సంవత్సరమును తెలుపును. 3524 అని యున్నచో 2024వ సంవత్సరపు 35వ వారమున తయారైన దని యర్థము. నాలుగింటికి బదులు మూడంకెలే యున్నచో అది 2000 సంవత్సరమునకు ముందటిది. దాని నిక తలపెట్టనక్కఱలేదు. అయిదేండ్లు దాటిన టయరును ఏటేట జాగ్రత్తగా పరీక్షింపవలయు ననియు, చూపునకు బాగుగ నున్నను పదియేండ్లకు మించి వాడరాదనియు పలువురు తయారీదారులు చెప్పుదురు.

మూడవది ఆకారము. ప్రక్కన ఉబ్బుగాని, లోని దారము కనబడు కోతగాని యున్నచో ఆ దినమే మార్చవలయును. ఇందు మఱునాటి మాట లేదు.

మార్చవలె నని నిశ్చయించిన పిమ్మట ఎట్టిది కొనవలయును? దుకాణమునకు పోకమునుపే బండితో వచ్చిన పుస్తకమునో, గొలుసుకప్పుపై నంటించిన చీటినో చూచి కొలతలు వ్రాసికొనుడు. చక్రమున నిప్పుడున్న టయరును మాత్రము నమ్మరాదు. అంతకుముందే యెవరో తప్పుకొలత వేసియుండవచ్చును. పాతబండ్లకు కొలతలు అంగుళములలో నుండును. పాత బుల్లెట్టు 350 బండ్లకు సాధారణముగా 3.25-19 అని యుండును. ఇందు 3.25 టయరు వెడల్పు. 19 రిమ్ము అడ్డుకొలత. నేటి టయర్లపై 80/100-18 అన్నట్లు వేఱు పద్ధతి కలదు. 80 మిల్లీమీటర్లలో వెడల్పు. 100 అనగా ఎత్తు వెడల్పులో నూటికి నూరు వంతులు. 18 రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. 2.75-18 టయరునకు నేటి కొలతలలో దగ్గఱగా వచ్చున దిదియే. పాతకొలత దొరకనపుడు దానికి సరియైనది యేదో తయారీదారు పట్టికలో చూచి కొనవలయునే గాని కంటి యంచనాతో కాదు.

కొలత యొకటే చాలదు. దాని ప్రక్కనే 42పి, 48పి అన్నట్లు ఒక యంకెయు నక్షరమును ఉండును. అంకె టయరు మోయగల బరువునకు సంకేతము: 42 అనగా 150 కిలోలు, 48 అనగా 180 కిలోలు. పి అను నక్షరము గంటకు 150 కిలోమీటర్ల వేగమునకు గుఱుతు. మన యూళ్ళలో నెక్కువగా కనబడు పాత హీరో హోండా స్ప్లెండరు బండికి ముందు వెనుక రెండు చక్రములకును 2.75-18 కొలతయే. కాని ముందుదానికి 42పి, వెనుకదానికి 48పి. "రెండును ఒకటే కొలత, ఏది వేసిన నేమి?" యని దుకాణములో ముందు టయరు వెనుక వేసినచో నేమగునో లెక్కించి చూతము. బండి బరువు ఇంచుమించు 112 కిలోలు. నడుపువారు 70, వెనుక కూర్చుండు ఇల్లాలు 60, చేతిసంచి 10 కిలోలు. మొత్తము 252. ఇద్దఱెక్కినపుడు ఇందు మూడింట రెండు వంతులు, అనగా 168 కిలోలు, వెనుక చక్రముపై పడిన దనుకొందము. 48 గుఱుతుగల టయరు దీనిని సుఖముగ మోయును; 42 గుఱుతుగలది తన శక్తికి మించి మోయుచుండును. ఆ మించిన బరువుపై కూర్చున్నది మనమే! ఈ రెండంకెలు చదువుటకు ఏ శాస్త్రపరీక్షయు పనిలేదు.

ఇక "కొంచెము వెడల్పు టయరు వేయుదుము, బండి దర్జాగా నుండును" అను సలహా వినవచ్చును. ముఖ్యముగ ఇంటిలోని కుఱ్ఱవారికి ఇది మిక్కిలి రుచించును. కాని ఇఱుకు రిమ్ముపై వెడల్పు టయరు ఎక్కించినచో అంచులు లోనికి నొక్కుకొని, టయరు ఆకారము మాఱి, మలుపులలో బండి చెప్పినట్లు వినదు. అది గొలుసుకప్పునకో, మడ్‌గార్డునకో, చీర చక్రమున పడకుండ నమర్చిన శారీగార్డునకో తగులవచ్చును. దాని కడ్డముగ నున్నదని శారీగార్డును ఊడదీసి మూలపెట్టు మెకానికులును లేకపోలేదు. వెనుక చక్రము సగమునకు తగ్గకుండ మూయు రక్షణ యుండవలె నని 1989వ సంవత్సరపు కేంద్ర నియమావళి విధించినది. వెనుక కూర్చున్నవారి వస్త్రము చక్రమున చిక్కుకొనకుండుటకే ఆ నియమము. టయరు మార్చి తెచ్చిన బండికి శారీగార్డు తిరిగి బిగింపబడినదో లేదో చూచిన పిమ్మటనే ఎక్కుడని మా సోదరీమణులను ప్రత్యేకముగ కోరుచున్నాము.

ట్యూబు విషయమున ఒక మాట. పాతబండ్ల చక్రములు చువ్వలతో గూడినవి. చువ్వలు బిగించిన రంధ్రములగుండ గాలి పోవును గనుక వానికి ట్యూబు తప్పదు. ట్యూబు లేని టయర్లు మంచివని విని, చువ్వల చక్రమునకు వానిని ట్యూబు లేకయే వేయింప జూచుట వ్యర్థము. క్రొత్త టయరుతో క్రొత్త ట్యూబును, చువ్వల మొనలు ట్యూబునకు గ్రుచ్చుకొనకుండ కాపాడు రిమ్ముపట్టీని కూడ కొనవలయును. పలుమాఱులు అతుకులు పడిన పాత ట్యూబు సాగియుండి, క్రొత్త టయరులో ముడుతలు పడి, ఆ ముడుత దగ్గఱనే పగులును. ఇచ్చట మిగిల్చిన కొలది సొమ్ము దారిలో పంక్చరు రూపమున వడ్డీతో పోవును.

దుకాణములో నిగనిగలాడు నల్లని మెఱుగును చూచి మోసపోరాదు. నిలువయుండిన పాత సరకును మెఱుగునూనెతో తుడిచి క్రొత్తదిగా జూపవచ్చును. మెఱుగును కాదు, నాలుగంకెలను చూడుడు. పైపొర మార్చి తిరిగి అమ్ము టయర్లు ఎంత చౌకయైనను మోటారు సైకిలుకు వలదు. టయరు ప్రక్కన బాణపు గుఱుతున్నచో చక్రము తిరుగు దిక్కునకే అది చూపవలయును. రిమ్ము దాపున టయరుపై చుట్టును ఒక సన్నని గీత యుండును. అది అన్ని వైపుల రిమ్మునకు సమదూరమున కనబడినచో టయరు సరిగా కూర్చున్నట్లు. ఒకచోట లోనికి దిగియున్నచో గాలి తీసి మరల కూర్చుండబెట్టు మనవలయును.

క్రొత్త టయరు ఎక్కినంతనే నమ్మదగినది కాదు. దాని పైపొర నున్నగా నుండును. మొదటి నూఱు నూటయేబది కిలోమీటర్లు మెల్లగా, హఠాత్తుగా బ్రేకు వేయకుండ, మలుపులలో ఎక్కువగ నొరుగకుండ నడుపవలయును. ఆ పిమ్మట వారమున కొకసారి, బండి నడుపకమునుపు, టయరు చల్లగా నున్నపుడు గాలి చూపించుకొనవలయును. వెనుక నొకరు కూర్చుండునపుడు వెనుక చక్రమున గాలి యెక్కువ యుండవలె నని బండి పుస్తకములో వేఱుగ వ్రాసియుండును. గాలి తక్కువైన టయరు లోలోపల వేడెక్కి చెడును. మిక్కిలి యెక్కువైనది నేలను పట్టుకొనక ఎగురును.

ఈ చెప్పిన వానిలో కష్టమైన దేదియు లేదు. కొలత, బరువు గుఱుతు, తయారైన వారము, బాణపు గుఱుతు, శారీగార్డు: ఈ యైదింటిని ఒక కాగితముపై వ్రాసి ఇంటి లెక్కల పుస్తకమున నుంచుకొనుడు. దుకాణమునకు భర్తయో, కుమారుడో, తామో పోయినపుడు ఆ కాగితము వెంట నుండవలయును. "ఆడవారికి ఇవన్నియు నెందుకమ్మా?" యని దుకాణమువాడు నవ్వవచ్చును. నవ్వనిండు. వాని నవ్వు అంగడి గడప దాటదు. ఆ టయర్లు మాత్రము మన బిడ్డలను బడికిని, మనలను పుట్టింటికిని, వానలో చీకటిలో క్షేమముగ ఇంటికిని చేర్పవలసినవి. కూరగాయల బేరమున చూపు శ్రద్ధలో సగమైనను ఈ కొనుగోలున చూపుదురని ఆశించుచున్నాము.