చీటీ అక్కరలేని మందు – చెప్పే మనిషీ అక్కరలేదా?

తలనొప్పికీ జలుబుకీ డాక్టరు దగ్గరకు వెళ్ళే ఇళ్ళు మనలో ఎన్ని? వీధి చివర మందుల షాపుకు పిల్లవాణ్ణి పంపి నాలుగు మాత్రలు తెప్పించుకోవడమే అలవాటు. మా బరంపురంలోనూ అంతే. ఈ చిన్న అలవాటు చుట్టూ పెద్ద తగవే నడుస్తున్నది.

మందుల అమ్మకానికి ఆధారం 1940 నాటి చట్టం, 1945 నాటి నియమాలు. షెడ్యూలు హెచ్, హెచ్1, ఎక్స్‌లలోని మందులకు డాక్టరు చీటీ తప్పనిసరి. తక్కినవి చీటీ లేకుండానే ఇస్తారు. షెడ్యూలు కె ప్రకారం, వెయ్యి జనాభా మించని పల్లెల్లో ఆముదం, యూకలిప్టస్ తైలం, పారాసిటమాల్ మాత్రలవంటివి లైసెన్సు లేని కొట్లోనూ అమ్మవచ్చు. 2022 మే నెలలో కేంద్ర ఆరోగ్యశాఖ 16 మందులను చీటీ లేకుండా అమ్మేందుకు ముసాయిదా ప్రకటించింది. ప్యాకెట్టులో అయిదు రోజులకు మించి మందు ఉండరాదనీ, అప్పటికీ తగ్గకపోతే డాక్టరును చూడాలనీ అందులో షరతులు పెట్టింది.

కంపెనీల వాదన ఏమంటే: చిన్న జబ్బులకు మందు చేరువలో దొరికితే రోగికి డబ్బూ, పొద్దూ కలిసివస్తాయి, ఆసుపత్రుల్లో రద్దీ తగ్గుతుంది. మందుల షాపులవారు దీనికి ఒప్పుకోరు. ఫార్మసిస్టు లేనిచోట మందు అమ్మితే అది ఉప్పూ పప్పులతో సమానమైపోతుందంటారు. ఇరువైపులా వ్యాపారం ఉన్నమాట నిజమే. అయినా మా ఇంట్లో జరిగినది చెప్పక తప్పదు.

మా పెద్దత్తగారికి జ్వరం, జలుబు కలిసి వచ్చాయి. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్, జలుబుకు వేరే మాత్ర, రెండూ రోజుకు నాలుగేసి వేసుకున్నారు. మరునాడు మళ్ళీ మాత్రలకు వెళితే, షాపాయన పాత అట్టలు తెమ్మన్నాడు. జలుబు మాత్రలోనూ 500 మిల్లీగ్రాముల పారాసిటమాలే ఉంది! లెక్కవేస్తే రోజుకు 4,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు సైతం 4,000 దాటరాదు; దాటితే కాలేయానికి ముప్పు. ఆయన చెప్పబట్టి వెంటనే డాక్టరుకు చూపించాము. గండం గడిచింది.

అట్టమీద ఆ సంగతి ముద్రించే ఉంది, కాని ఇంగ్లీషులో. ఆమెకు వచ్చిన చదువు తెలుగు. బజారులో మాట్లాడేది ఒడియా. ఆఫీసులో రోజూ మెడికల్ బిల్లులు చూసే మేము కూడా ఆ చిన్న అక్షరాలను చదవలేదు. తప్పు మాదే.

చీటీ ఉండాలా వద్దా అన్నది సర్కారు తేలుస్తుంది. మందు ఎక్కడ అమ్మినా, అడిగితే చెప్పే మనిషి ఉండాలి. అట్టమీద మాట కొనేవారి భాషలో ఉండాలి. షాపు గోడమీద ఫార్మసిస్టు సర్టిఫికెట్టు వేలాడితే చాలదు, ఆ మనిషి బల్ల దగ్గర ఉండాలి.

అంతదాకా మన పని మనం చేద్దాము. కొత్త మందు కొనేటప్పుడు ఇంట్లో వాడుతున్న అట్టలన్నీ షాపులో చూపిద్దాము. చదువుకున్న పిల్లలు పెద్దల మాత్రల పేర్లూ, వేళలూ తెలుగులో ఒక కాగితంమీద వ్రాసి గోడకు అంటిస్తే మరీ మంచిది. మా ఇంట్లో అంటించాము.