డిఫాల్ట్ ఖరీదు 2,630 కోట్ల డాలర్లు

ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్ ఇంజిన్‌నే ముందుగా అమర్చి ఉంచేందుకు 2021లో గూగుల్ ఇతర కంపెనీలకు చెల్లించిన మొత్తం 2,630 కోట్ల డాలర్లు. అప్పటి మారకం రేటు ప్రకారం సుమారు 1.95 లక్షల కోట్ల రూపాయలు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రవేశపెట్టిన బడ్జెట్లు ఒక్కొక్కటి దాదాపు 2.3 లక్షల కోట్లు. ఎవరైనా నిమిషంలో మార్చుకోగల ఒక సెట్టింగ్ కోసం, ఒక రాష్ట్రం ఏడాది ఖర్చుకు దగ్గరగా వచ్చే డబ్బు ఎందుకు పోశారు?

మనలో ఎక్కువమంది ఆ సెట్టింగ్ జోలికి వెళ్లరని వాళ్లకు తెలుసు కాబట్టి. బ్రౌజర్‌తో మనం పడే చికాకుల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది. మార్చుకునే వీలు ఉందా లేదా అన్నదానికంటే, మార్చకపోతే ఏం జరుగుతుందన్నదే అసలు విషయం.

80 శాతం: ముందున్నదే మిగులుతుంది

అమెరికాలో సెర్చ్ మార్కెట్‌లో దాదాపు 90 శాతం గూగుల్‌ది. కానీ మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ సుమారు 80 శాతం బింగ్‌ది, 20 శాతమే గూగుల్‌ది. కారణం, ఎడ్జ్‌లో డిఫాల్ట్ బింగ్ కావడమే. బింగ్ నచ్చి వాడేవాళ్లు కొందరు ఉండొచ్చు, కానీ ఇంత తేడా ఇష్టాయిష్టాలతోనే రాదు.

ఈ లెక్కలు బయటపడింది అమెరికా ప్రభుత్వం గూగుల్‌పై వేసిన కేసులో. ఒక్క యాపిల్‌కే 2022లో సుమారు 2,000 కోట్ల డాలర్లు వెళ్లాయి. యాపిల్ బ్రౌజర్ సఫారీలో వెతికినప్పుడు వచ్చే ప్రకటనల ఆదాయంలో 36 శాతం యాపిల్ వాటా. గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న తీర్పు చెప్పారు. 2025 సెప్టెంబరులో ప్రత్యేక హక్కు కట్టబెట్టే ఒప్పందాలను నిషేధించారు కానీ, డిఫాల్ట్ కోసం డబ్బివ్వడాన్ని మాత్రం ఆపలేదు.

గోప్యతకు పేరుపడ్డ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ పరిస్థితీ ఇందులో భాగమే. ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో దాదాపు 85 శాతం గూగుల్ ఒప్పందం నుంచే వస్తుందని దాన్ని తయారుచేసే మొజిల్లా అధికారి 2025లో అదే కోర్టులో చెప్పారు. ప్రత్యామ్నాయం కూడా అదే డబ్బు మీద బతుకుతోంది.

500 కోట్ల డాలర్లు: ఇన్‌కాగ్నిటో దాచేదెంత?

గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో మూయగానే అందులోని హిస్టరీ, కుక్కీలు, ఫారాల్లో నింపిన వివరాలు మన కంప్యూటర్ నుంచి చెరిగిపోతాయి. అది చేసేది అంతే. మనం చూసిన వెబ్‌సైటుకు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్ అయితే ఆఫీసుకు మన రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. అదే కంప్యూటర్ వాడే మరొకరికి కనబడకుండా ఉండడానికే ఆ విండో పనికొస్తుంది.

ఆ మోడ్‌లోనూ గూగుల్ తమ సమాచారం సేకరించిందంటూ వినియోగదారులు 2020లో అమెరికాలో కేసు వేసి, కనీసం 500 కోట్ల డాలర్ల పరిహారం అడిగారు. 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చిన రాజీలో వాళ్లకు నేరుగా డబ్బు రాలేదు. అయితే కోట్లాది రికార్డులను చెరిపేయడానికి, ఆ మోడ్ గురించి మరింత స్పష్టంగా చెప్పడానికి, అందులో బయటి కంపెనీలు పెట్టే థర్డ్ పార్టీ కుక్కీలను ఐదేళ్లపాటు ఆపడానికి గూగుల్ ఒప్పుకుంది.

5 ఏళ్ల వాయిదా: కుక్కీల కథ

కుక్కీని 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటులీ రూపొందించారు. ఒక సైటు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి అది అవసరం. లేకపోతే షాపింగ్ కార్టులో వేసిన వస్తువు పేజీ మారగానే మాయమవుతుంది. చిక్కంతా థర్డ్ పార్టీ కుక్కీతోనే. మనం తెరవని ప్రకటనల కంపెనీ దాన్ని పెట్టి, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మన వెంటే వస్తుంది.

సఫారీ వీటిని 2020 మార్చిలో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లోనే తెలిసిన ట్రాకర్లను ఆపడం మొదలుపెట్టి, 2022లో ఏ సైటు కుక్కీలను ఆ సైటుకే పరిమితం చేసింది. రెండూ డిఫాల్ట్‌గానే. క్రోమ్ మాత్రం రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో ప్రకటించి, గడువును మొదట 2023కు, తర్వాత 2024కు, ఆపై 2025కు జరిపింది. చివరకు 2024 జులైలో తీసేసే ఆలోచననే వదిలేసింది. బదులుగా వాడేవారినే అడుగుతామన్న మాటనూ 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టింది. ఇప్పుడు ఆపుకోవాలంటే వాడేవారే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి.

0 బటన్లు: ఏఐ సమాధానాలు ఆపాలంటే

గూగుల్ సెర్చ్‌లో లింకుల పైన ఏఐ సారాంశాలు 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌లో మొదలయ్యాయి. శాశ్వతంగా ఆపేసే స్విచ్ లేదు. వెతికాక పైన ‘వెబ్’ ట్యాబ్ ఎంచుకుంటే లింకులే కనిపిస్తాయి, కానీ వెతికిన ప్రతిసారీ ఆ పని చేయాలి. ఇష్టంలేని వాడి మీదే రోజువారీ శ్రమ పడుతోంది.

ఇవాళే చేయగలిగినవి 3

• క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ విభాగం తెరిచి థర్డ్ పార్టీ కుక్కీలను బ్లాక్ చేయండి. ఏదైనా సైటు సరిగా పనిచేయకపోతే దానికొక్కదానికే మినహాయింపు ఇవ్వొచ్చు.
• సెట్టింగ్స్‌లోనే సెర్చ్ ఇంజిన్ జాబితా చూడండి. పాతదాన్నే ఉంచుకున్నా, అది మీరు ఎంచుకున్నదై ఉండాలి.
• లొకేషన్, కెమెరా, నోటిఫికేషన్ల అనుమతులు ఏయే సైట్లకు ఇచ్చారో చూసి, అక్కర్లేనివి తీసేయండి.

1,337.76 కోట్లు: మన దేశంలో

ఆండ్రాయిడ్ ఫోన్లలో పైచేయిని దుర్వినియోగం చేసిందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే స్క్రీన్ కొత్త ఫోన్లలో చూపిస్తామని 2023 జనవరిలో గూగుల్ చెప్పడానికి కారణం ఆ ఆదేశమే. నియమం గట్టిగా ఉంటే కంపెనీలు దారికొస్తాయనడానికి ఇదే రుజువు.

గోప్యత విషయంలోనూ అదే పట్టు కావాలి. స్పష్టమైన చర్యతో తెలిపినదే సమ్మతి అని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. ఉల్లంఘనకు జరిమానా రూ.250 కోట్ల వరకు ఉంది. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనల ప్రకారం కంపెనీల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027లో అమల్లోకి రావాలి. నా సమాచారం అమ్మొద్దు, పంచొద్దు అని అన్ని సైట్లకూ ఒకేసారి చెప్పే సెట్టింగ్ ప్రతి బ్రౌజర్‌లోనూ ఉండాలన్న కాలిఫోర్నియా చట్టం కూడా 2027 జనవరి 1 నుంచే అమలు. ఆ సెట్టింగ్ భారత్‌లోనూ తప్పనిసరి కావాలి. అది మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి. మనల్ని వెంబడించాలనుకునే కంపెనీయే వచ్చి అనుమతి అడగాలి.