అద్దె కారులో ఆఫ్రికా బోర్డర్ దాటుతున్నారా? ముందు ఫోన్‌కి ఈ ఒక్క టెస్ట్ పెట్టండి

నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో కారు అద్దెకు తీసుకుని, పక్క దేశం బోట్స్వానాలో ఉన్న ఒకవాంగో డెల్టా చూసి రావడం మంచి రోడ్ ట్రిప్. మనలాగే రెండు దేశాల్లోనూ ఎడమవైపు డ్రైవింగే. విండ్‌హోక్ నుంచి గోబాబిస్ మీదుగా బ్యూటెపోస్ బోర్డర్‌కి 300 కిలోమీటర్ల పైనే. అవతలి వైపు పోస్ట్ పేరు మమూనో. అక్కడి నుంచి గాన్జీ పట్నం మరో 200 కిలోమీటర్లు. తారు రోడ్డే, కానీ ఊరికీ ఊరికీ మధ్య సిగ్నల్ లేని చోట్లు చాలా. అసలు సమస్య ఏంటంటే, ఫోన్‌లో కనిపించేదంతా ఫోన్‌లో ఉన్నట్టు కాదు!

మ్యాప్: రెండు దేశాలూ కావాలి

జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని లొకేషన్ లెక్కేసుకుంటుంది. డేటా కావాల్సింది మ్యాప్‌కి. నమీబియా ఒక్కటే డౌన్‌లోడ్ చేస్తే, బోర్డర్ దాటాక ఖాళీ స్క్రీన్ మీద నీలం చుక్క మాత్రమే కనిపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో మొత్తం దారి కవరయ్యేలా ఏరియాలు సేవ్ చేయండి. బ్యాకప్‌గా ఆర్గానిక్ మ్యాప్స్‌లో రెండు దేశాల ఫైళ్లూ దింపుకోండి.

సిమ్: బోర్డర్ దగ్గర జాగ్రత్త

ఒక్క దేశానికే తీసుకున్న ఈసిమ్ అవతల పనిచేయదు. రెండు దేశాలూ ఉన్న ప్లాన్ చూసుకోండి. ఇండియా రోమింగ్ ప్యాక్ అయినా లిస్టులో రెండు పేర్లూ ఉన్నాయో లేదో చెక్ చేయండి. చదునైన నేల మీద 2జీ టవర్ సిగ్నల్ 35 కిలోమీటర్ల దాకా అందగలదు. అందుకే ఫోన్ బోర్డర్ దాటకముందే పక్క దేశం నెట్‌వర్క్ పట్టుకోవచ్చు. నెట్‌వర్క్ సెలెక్షన్‌ని మాన్యువల్‌లో పెడితే అనుకోని బిల్లు తప్పుతుంది.

చార్జింగ్, వేడి

నమీబియాలో ఎక్కువగా కనిపించేది మన 15 యాంప్ రకం, పెద్ద గుండ్రటి మూడు పిన్నుల సాకెట్. అడాప్టర్‌తో పాటు మంచి కార్ చార్జర్ కూడా పెట్టుకోండి. ఫోన్‌ను అద్దానికి అతికించకండి. ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలే. ఎండలో స్క్రీన్ డిమ్ అవుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. ఏసీ వెంట్ మౌంట్ బెటర్.

కారు కూడా గాడ్జెట్టే

అద్దె కార్లలో చాలావాటికి ట్రాకర్ ఉంటుంది. మీరెక్కడున్నారో, ఎంత స్పీడులో వెళ్తున్నారో కంపెనీకి తెలుస్తుంది. చెప్పకుండా బోర్డర్ దాటితే దొరికిపోవడం ఒక్కటే కాదు, ఇన్సూరెన్స్ కూడా చెల్లకపోవచ్చు. యాక్సిడెంట్ అయితే కారు ఖర్చంతా మీ మీదే పడుతుంది. ఇంకోటి, కారు తిరిగిచ్చేటప్పుడు బ్లూటూత్ లిస్టులోంచి మీ ఫోన్‌ను డిలీట్ చేయండి. లేకపోతే మీ కాంటాక్ట్స్ అందులోనే ఉండిపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం: అనుమతి లెటర్

కారును దేశం దాటించడానికి అద్దె కంపెనీ రాసిచ్చిన లెటర్ కావాలి. అందులో కారు నంబర్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఉండాలి. బుకింగ్ రోజే అడగండి. దీని ప్రింట్, రిజిస్ట్రేషన్ కాపీ, మన లైసెన్స్, ఆర్టీఓ ఇచ్చిన ఇంటర్నేషనల్ పర్మిట్ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఫోన్‌లోని పీడీఎఫ్ బ్యాకప్ మాత్రమే. కౌంటర్‌లో స్టాంప్ పడేది కాగితం మీదే కదా! అన్నట్టు, బోర్డర్ దగ్గర ఫొటోలు, రీల్స్ వద్దు.

ఇప్పుడు ఆ టెస్ట్

బయల్దేరే ముందురోజు రాత్రి, వైఫై ఉన్నప్పుడే, ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి. విండ్‌హోక్ నుంచి మౌన్ దాకా రూట్ వస్తోందా? లెటర్ తెరుచుకుంటోందా? హోటల్ బుకింగ్, వీసా కాపీ, కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ కనిపిస్తున్నాయా? డ్రైవ్‌లో, వాట్సాప్‌లో పేరు మాత్రమే కనిపించి ఫైల్ ఓపెన్ కాకపోతే, వెంటనే డౌన్‌లోడ్ చేయండి. ఐదు నిమిషాల పని. అదే పని మమూనో కౌంటర్ ముందు గుర్తొస్తే, వెనక్కి 300 కిలోమీటర్లు!