గేరు పళ్ళ మధ్య ఖాళీ ఎంత?

హైదరాబాదులోని యాకుత్‌పురా నుంచి దక్షిణం వైపు కొంత దూరం పోతే ఫిసల్‌బండ వస్తుంది. నవాబ్ జఫర్ జంగ్ ఎస్టేటు ఒకప్పుడు అక్కడే ఉండేది. ఇంగ్లండులో చదువుకొని వచ్చిన ఆ నవాబుకు నక్షత్రాల పిచ్చి. గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1901లో తన ఎస్టేటులోనే సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. 1907లో ఆయన చనిపోయాక నిజాం ప్రభుత్వం ఆ పరికరాలను తీసుకొని బేగంపేటకు తరలించింది. మనం నిజామియా అబ్జర్వేటరీ అంటున్నది దానినే.

ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించారు. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. దక్షిణ ఖగోళంలో 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వంతు. ఆ తర్వాత అది హైదరాబాదుకు వచ్చింది. కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఫొటోలు తీసే టెలిస్కోపుతో, 1914 నుంచి ఏళ్ళ తరబడి ఫొటో ప్లేట్లు తీశారు. ఈ పని ఎక్కువ కాలం టి. పి. భాస్కరన్ ఆధ్వర్యంలోనే సాగింది.

ఇలాంటి పనికి గేరు పంటితో ఏం సంబంధమో చూద్దాం. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు పడమరకు జరుగుతుంది. డిగ్రీలో 3600వ వంతును ఆర్క్ సెకను అంటారు. ప్లేటు మీద నక్షత్రం చుక్కలా పడాలంటే టెలిస్కోపు కూడా అదే వేగంతో, అదే దిక్కుకు తిరగాలి. ఆ తిప్పే పని వర్మ్ గేరుది: మర తిరుగుతుంటే దాని మీద పెద్ద పళ్ళచక్రం మెల్లగా జరుగుతుంది.

ఒక గేరు పన్ను ఎదుటి గేరు పళ్ళ సందులో కూర్చుంటుంది. పన్ను మందం, సందు వెడల్పు ఒక్కటే అయితే చక్రం తిరగదు, బిగుసుకుపోతుంది. అందుకే పన్నును సందు కంటే ఒక వెంట్రుకవాసి సన్నగా కోస్తారు. ఆ మిగిలిన ఖాళీయే బ్యాక్‌లాష్. మెకానిక్కులు దీన్నే ప్లే అంటారు. చక్రం ఒకే దిక్కుకు తిరిగినంతసేపు ఈ ఖాళీ ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే పళ్ళు ఒకవైపే ఒరుసుకుని ఉంటాయి. దిక్కు మారగానే తిప్పే గేరు ఆ ఖాళీని దాటేదాకా రెండో గేరు కదలదు. పాత అంబాసిడర్ నడిపినవారికి ఇది బాగా తెలుసు: స్టీరింగు కొంత తిరిగాక గానీ చక్రాలు వినేవి కావు.

లెక్క చూడండి. 300 మి.మీ. వ్యాసార్ధం ఉన్న పళ్ళచక్రంలో ఖాళీ 0.02 మి.మీ. అనుకుందాం. వర్క్‌షాపులో ఎవరూ దాన్ని పట్టించుకోరు. కోణంలోకి మారిస్తే అది దాదాపు 14 ఆర్క్ సెకన్లు. ఆస్ట్రోగ్రాఫిక్ ప్లేటు మీద ఒక మి.మీ. అంటే 60 ఆర్క్ సెకన్లు. కాబట్టి గాలి తోసో, బరువు ఒకవైపు నుంచి మరోవైపుకు ఒరిగో ఆ ఖాళీ ఒక్కసారి బయటపడిందంటే, నక్షత్రం దాదాపు పావు మి.మీ. గీతగా సాగుతుంది. అలాంటి ప్లేటు కొలతకు పనికిరాదు.

ఖగోళ ఫొటోలు తీసేవాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు మహా ఇష్టం. వాళ్ళు ఖాళీని తీసేయరు. టెలిస్కోపు తూర్పు వైపు కాస్త బరువు ఎక్కువ ఉంచుతారు. దాంతో గేరు ఎప్పుడూ ఆ బరువును మోస్తూనే తిరుగుతుంది. పళ్ళు ఒకవైపే ఆనుకుని ఉంటాయి. రెండోవైపు ఖాళీ ఉన్నా దాంతో ఎవరికీ పనిలేదు. మరలో అయినా, ఇంజనీరింగులో అయినా, ఉన్న లోపాన్ని ఒక మూలన కూర్చోబెట్టడం దాన్ని పూర్తిగా తుడిచేయడం కంటే ఎంతో చవక.

అసలు ఖాళీ లేకపోతేనే ముప్పు. పళ్ళ మధ్య నూనె పొర నిలవాలి. వేడికి లోహం ఉబ్బినా చోటుండాలి. రెండు గేర్ల కేంద్రాల మధ్య దూరం 120 మి.మీ., గేర్లు వాటి పెట్టె కంటే 30 డిగ్రీలు వేడెక్కాయనుకోండి. ఉక్కు దాదాపు 0.04 మి.మీ. సాగుతుంది. 20 డిగ్రీల పీడన కోణం (పన్ను పక్కల వాలు) ఉన్న పళ్ళలో కేంద్రాల దూరం 0.1 మి.మీ. మారితే ఖాళీ 0.073 మి.మీ. మారుతుంది. ఆ లెక్కన ఈ వేడికి 0.03 మి.మీ. ఖాళీ హరించుకుపోతుంది. మొదట 0.02 మాత్రమే ఉంచిన గేరు అలా వేడెక్కినప్పుడు అరుస్తుంది, తర్వాత అరుగుతుంది.

కొలవడం కష్టమేమీ కాదు, ఓపిక ఉంటే చాలు. ఒక గేరును కదలకుండా పట్టి ఉంచాలి. రెండో గేరు పన్ను మీద, పళ్ళు ఒకదాన్నొకటి తాకే పిచ్ వృత్తం దగ్గర, డయల్ గేజ్ ముల్లు పన్నుకు నిటారుగా ఆనించాలి. చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే గేజ్ చూపే అంకె తేడాయే బ్యాక్‌లాష్. ముల్లు వంకరగా ఆనితే అంకె అబద్ధం చెబుతుంది. పిచ్ వృత్తం కంటే దూరంగా ఆనించినా అంతే, అప్పుడు వ్యాసార్ధాల నిష్పత్తితో సరిచేయాలి. గేజ్ పట్టని పెద్ద గేర్లయితే సన్నని సీసపు తీగను పళ్ళ మధ్య నలగనిచ్చి, పన్నుకు రెండువైపులా నలిగిన మందాలను కలుపుతారు.

చాలామంది ఒక్కచోట కొలిచి వదిలేస్తారు. గేరు రంధ్రం వెంట్రుకంత పక్కకు ఉన్నా చక్రం తిరిగేకొద్దీ ఖాళీ మారుతుంటుంది. ఒకచోట 0.15 మి.మీ. ఉన్న గేరు ఎదుటివైపు 0.05కు పడిపోవచ్చు. బిగుసుకునేది ఆ 0.05 దగ్గరే, కాబట్టి అసలు పట్టించుకోవలసింది అతి తక్కువ అంకెనే.

మీ కారు వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ గేర్లు మార్పిస్తే, పాతబస్తీ షాపులోనైనా, కంపెనీ సర్వీసు సెంటరులోనైనా ఒక మాట అడగండి: ప్లే సరిచేశారా అని కాదు, క్రౌన్‌ను తిప్పుతూ నాలుగు చోట్ల డయల్ గేజ్ ఎంత చూపిందో. ఆ నాలుగు అంకెలు ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో లేకపోతే డబ్బు ఇవ్వకముందే మళ్ళీ విప్పించండి.